ప్రాణం పోసే పెట్టె

నేను ఒక గేమ్ కన్సోల్‌ని; నరసాపురం మెయిన్ రోడ్డు మీద మూడు వందల మంది ముందు కొబ్బరికాయ కొట్టి నా పెట్టె తెరిస్తే, లోపల నాకు బదులు ఇటుక ఉంది.

ఇటుక కదలకుండా చుట్టూ లేసు గుడ్డ చుట్టారు. దుకాణం యజమాని కామేశం గారి ముఖం ఆ లేసు కంటే తెల్లబడింది. లేసును పట్టుకుని దొంగను వెతుకుదామంటే, ఆ ఊళ్ళో అది అల్లని ఇల్లు లేదు.

నేను పుట్టకముందే నా గొప్పలు పుట్టాయి. ఏదో దేశంలో నన్ను పన్నెండు నిమిషాల్లో బిగించి అట్టపెట్టెలో పెట్టారు. పేరు విశ్వరూప్ నైన్. ముందరి ఎనిమిది ఏమయ్యాయో నాకూ తెలియదు. నన్ను ఆన్ చేస్తే కొత్త యుగం మొదలవుతుందట. నాతో ఒకసారి ఆడినవాడు మళ్ళీ మామూలు మనిషి కాలేడట. నిజానికి నా లోపల ఉన్నవి ఒక ఫ్యాను, నాలుగు చిప్పులు. అది చాలదన్నట్టు కామేశం గారు సొంతంగా ఓ వాక్యం రాశారు: "మొద్దుబారిన వేళ్ళకు ప్రాణం పోసే ఏకైక యంత్రం!" ఏమీ తోచక కూర్చున్న కుర్రాళ్ళ వేళ్ళని ఆయన ఉద్దేశం.

ఆ వాక్యాన్ని ఆటోకు మైకు కట్టి వీధి వీధినా చాటినవాడు గవర్రాజు. ఆవిష్కరణకు ముందురోజు పూలదండ వేసి నన్ను ఊరేగించింది కూడా ఆ ఆటోలోనే. ఆ సాయంత్రానికే నేను అతని ఇంట్లో, టీవీ పక్కన ఉన్నాను.

ఎదురుగా అతని భార్య మంగతాయారు. పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. లేసు అల్లే కుడిచేతి వేళ్ళు కదలడం లేదు. రోజూ పిసికితే కదలిక రావచ్చని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని మూడో రోజే మంచం కిందకు నెట్టేసింది.

"ఇది నిజంగా ప్రాణం పోస్తదంటారా?"

"మైకులో చెప్పాను కదే."

"మైకులో బోలెడు చెప్తారు. పోయినేడు సర్కసులో ఏనుగుందన్నారు. వెళ్తే కుందేలు కూడా లేదు."

అన్నదే గానీ, బొటనవేలు నా మీట మీద పెట్టించుకుంది. యుగాలు మార్చే యంత్రానికి అప్పగించిన పని, టీవీ తెర మీద తామరాకుపై కూర్చున్న కప్పను దూకించడం. మీట నొక్కితే దూకుతుంది. కప్ప ఐదు రోజులు కూర్చునే ఉంది. ఆమె దాన్ని తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది. వేలు మాత్రం తీయలేదు.

బయట గవర్రాజు కామేశం గారి ఆజ్ఞ మీద నా దొంగతనం చాటుతున్నాడు. "ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమానం ఇవ్వబడును!" గొంతు వణికితే జనం జలుబనుకున్నారు.

ఆరో రోజు పొద్దున్న కప్ప దూకింది.

"ఏవండోయ్! దూకింది! ఆయ్, నేనే దూకించాను!"

గవర్రాజు టీవీని చూడలేదు. ఆ వేలినే చూశాడు.

మర్నాడు కామేశం గారు అతని చేతికి ఓ చీటీ ఇచ్చారు. దుకాణం తాళాలు సేల్స్‌మన్ అబ్బులు దగ్గరే ఉంటాయి కనుక దొంగ అతడేనని తేల్చేశారు, పనిలోంచి తీసేశారు. ఆ సంగతి ఊరంతా చాటాలి. గవర్రాజు ఇంటికి వచ్చి, భార్య పక్కన కాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్ను ఆటోలో పెట్టుకుని దుకాణం ముందు ఆపాడు. చీటీ మడిచి జేబులో పెట్టి, మైకు తీశాడు.

"నరసాపురం పురప్రజలకు ముఖ్య గమనిక! అబ్బులు దొంగ కాదండి. దొంగని నేనే, ఈ గవర్రాజునే. ఊరేగింపులో యంత్రం తీసేసి పెట్టెలో ఇటుక పెట్టింది నేనేనండి. ఆ లేసు మా ఆవిడ అల్లిందే. నేను మైకులో అరిచిన మాట ఆవిడ నమ్మిందండి. పాతికేళ్ళ కాపురంలో నా మాట నమ్మడం అదే మొదలు. అబద్ధమే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కామేశం గారండీ, ఇదిగో మీ యంత్రం. ఇది ఎవరికీ ప్రాణం పోయదండి. కప్ప మీద పంతం పట్టి మా ఆవిడే పోసుకుంది. పోలీసుల్ని పిలవండి, ఎక్కడికీ పోను. ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఇందాక మా ఆవిడ లేసు అల్లే కొక్కెం సూది అడిగి తీసుకుందండి. ఒక్క అల్లిక పడింది. వంకరే అనుకోండి. అది చూసే వచ్చాను."