పంపర పనసకు వెయ్యేళ్ళ ఆయుష్షు

చేపల చెరువు గట్టు మలుపులో తల్లి పేరమ్మ నాటిన పంపర పనస చెట్టు సూర్యప్రకాష్ కంట్లో నలుసైంది. అది ఉండగా మేత లారీ అక్కడ తిరగదు. కొట్టించేద్దామంటే భార్య నాగమల్లేశ్వరి అడ్డం. పోయిన అత్తగారి గుర్తుగా మిగిలింది అదొక్కటే. పైగా అంత ఎర్రటి, తియ్యటి తొనలు చుట్టుపక్కల మరెక్కడా లేవని ఆమె నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే.

అలాంటి సమయంలో విజయవాడలో విత్తనాలు దాచే లాబొరేటరీ ఒకటుందని అతని చెవిన పడింది. గింజల్ని తగుమాత్రం ఆరబెట్టి, మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచితే తరతరాలు బతుకుతాయని అక్కడి సైంటిస్టు కీర్తన చెప్పింది. ఆ తరతరాలు ఇంటికొచ్చేసరికి వెయ్యేళ్ళయ్యాయి. గాలివాన భయం లేదు, పురుగు భయం లేదు, అమ్మ చెట్టు మనకన్నా భద్రంగా ఉంటుందని భార్యకు నచ్చజెప్పాడు. నాగమల్లేశ్వరి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి, గింజ బతుకుతుందన్న మాట మీద తలూపింది.

లారీ తొందరలో కాయలు పండేదాకా ఆగే ఓపిక ఎవరికుంటుంది? పచ్చివే కోసి లాబొరేటరీకి అప్పగించాడు. సాయంత్రానికి చెట్టు కొట్టించేశాడు.

కొన్నాళ్ళకు కీర్తన ఫోన్ చేసింది. నైట్రోజన్‌లోంచి తీసి పరీక్షకు నాటిన గింజల్లో ఒక్కటీ మొలవలేదట. ముదరని గింజలు ఆరబెట్టడానికే తట్టుకోలేవట.

“బాగా పండినవి మళ్ళీ ఓ నాలుగు పంపించండి సూర్యప్రకాష్ గారూ. చెట్టుందిగా, దిగుల్లేదు,” అంది.

లేదని చెప్పడానికే నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం, “అలాగేనండీ, తప్పకుండానండీ.” మా వైపు మనిషి మొహం మీద కాదనలేడు గానీ, అబద్ధమైతే ఎంతో మర్యాదగా ఆడగలడు.

హనుమాన్ జంక్షన్‌లో బండి మీద నాలుగు పళ్ళు కొన్నాడు. అవి ఏ ఊరివో బండివాడికే తెలియదు. ఆ గింజలు మాత్రం దివ్యంగా మొలిచాయి. మిగతావి పేరమ్మ పేరు మీద నైట్రోజన్‌లోకి వెళ్ళిపోయాయి. గండం గడిచిందని సూర్యప్రకాష్ ఊపిరి పీల్చుకున్నాడు. కీర్తన మంచి మనసున్న పిల్ల. పరీక్షకు మొలిపించిన మొక్కల్లో ఒకటి కుండీలో పెట్టి ఇంటికి పంపించింది.

నాగమల్లేశ్వరి దాన్ని తీసుకెళ్ళి సరిగ్గా పాత చెట్టు చోటే నాటింది. లారీ మళ్ళీ రోడ్డు మీదే ఆగిపోతోంది, మేత బస్తాలు మనుషులు మోస్తున్నారు. అక్కడ వద్దని సూర్యప్రకాష్ ఏ మొహం పెట్టుకుని అంటాడు? ఆమె రోజూ నీళ్ళు పోస్తూ, “అత్తయ్యా, ఎండగా ఉందా?” అని పలకరిస్తుంటే అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయేది. ఇవాళ చెప్పేద్దామని ఒక సాయంత్రం గట్టు మీదికి వెళ్ళాడు.

అతన్ని చూసి ఆమె చెంబు కింద పెట్టింది. చెట్టు కొట్టించాక ఆమె మొహంలో అంత వెలుగు అతను చూడలేదు.

“ఏడెనిమిదేళ్ళకి కాపుకొస్తదంటండీ. మొదటి కాయ మీకే ఒలిచి పెడతాను. మీ అమ్మ చెట్టు రుచి మీకన్నా ఎవరికి తెలుసు?” అంది.