గొట్టం మోసిన బరువు

నేను ఒక విమానం రెక్కని. విమానం లేదు, రెక్కే ఉంది, అదీ ఒక్కటే. నన్ను టేకు చెక్కతో చేసింది ఎగరడానికి కాదు, పరిశోధనశాల సొరంగంలో బిగించి గాలి కొట్టి చూడటానికి. నా వెనక అంచున గోరు కూడా దూరనంత సన్నని చీలిక ఉంది. రబ్బరు గొట్టంలోంచి వచ్చే గాలి ఆ చీలికలోంచి కిందికి పరదాలా చిమ్ముతుంది. దాంతో రెక్క వెడల్పు పెరిగినట్టై, విమానం ఎంత నెమ్మదిగా వెళ్తున్నా పడిపోదని నన్ను చేయించిన శాస్త్రవేత్త భానోజీరావు గారి నమ్మకం.

ఆయనది పాడేరు కొండల్లోని ఊరు. కాన్పు కష్టమైన అక్కని డోలీలో మోసుకొస్తుంటే దారిలోనే పోయింది. కొండ మీద చారెడు చదునులో దిగే విమానం చెయ్యాలని అప్పటినుంచీ ఆయన పట్టు.

మొదటి పరీక్షలో, నేనెంత పైకి లేస్తున్నానో చూపే తక్కెడ ముల్లు జోరుగా లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, విమానానికి ‘గిరిజ’ అని పేరు కూడా పెట్టేశారు. నాకు ఒళ్ళు మండింది. నన్ను నెడుతున్నది చాలామటుకు ఆ గొట్టమే! కొళాయి తిప్పగానే తోట పైపు బిగుసుకుని ఎగిరిపడదూ, అలాగే గాలి నిండగానే అదీ బిగుసుకుని నన్ను ఎత్తుతోంది. వీళ్ళేమో గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు తూచి, ఆ బరువు తీసేసి, పనైపోయిందనుకున్నారు. చెబుదామంటే నాకు నోరేదీ?

కనిపెట్టింది ఆయన శిష్యురాలు హైమవతి. ఈ పథకానికి డబ్బిచ్చే అధికారులు చూడటానికి వచ్చే ముందురోజు నా చీలికను మైనంతో మూసి, సొరంగం ఫ్యాను ఆపి, గొట్టంలోకి గాలి వదిలింది. చిమ్మే గాలి లేదు, వీచే గాలి లేదు. ముల్లు మాత్రం లేచింది.

“సార్, ఒక్కసారి ఇలా రండి,” అంది.

ఆయన చూశారు.

“గొట్టం వాటా తీసేస్తే ఎంత మిగుల్తాదమ్మా?”

“కొంచెం సార్. కొండ మీద దిగడానికి చాలదు.”

“అయితే రేపు నేనే చూపిస్తాను. తప్పుడు లెక్క మీద ఎగిరితే చచ్చేది మళ్ళీ మావాళ్ళే కదమ్మా.”

మర్నాడు అధికారుల ముందు ఆయనే నాకు మైనం పూసి, ముల్లు లేవడం చూపించారు. వాళ్ళు ఆయన నిజాయితీని తెగ మెచ్చుకున్నారు, టీ తాగారు, పథకం మూసేశారు. మెచ్చుకోవడానికి మనుషులకి ఖర్చేముంది!

ఇప్పుడు నేను పాత సామాన్ల గదిలో విరిగిన కుర్చీల కింద పడున్నాను. ఎవరి మీదా కోపం లేదు, దిగులే. గొట్టం మోసిందంతా తీసేశాక కూడా కొంచెం మిగిలింది కదా, అది మటుకు నిజంగా నేను మోసినదే. దాన్ని ఇంకాస్త పెంచి చూద్దామని ఒక్కరూ అనలేదు.