దుప్పటమ్మ కూతురు

తల్లి పోయిన పదిహేనో రోజున ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. కూతురు అప్పుడు తల్లి గదిలో కింద కూర్చుని బీరువా సర్దుతోంది.

"అమ్మ లేరండీ, పోయారు," అంది ఫోనెత్తగానే. రెండు వారాలుగా ఆ మాట ఎంతమందికి చెప్పిందో, నోటికి అలవాటైపోయింది.

"తెలుసమ్మా. నేను హెడ్ సిస్టర్‌ని. నీకోసమే చేశాను. పన్నెండో మంచం మీద ఒక ముసలాయన ఉన్నాడు. తాపీమేస్త్రీ. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. దుప్పటమ్మ ఇవాళ ఇంకా రాలేదేం అని పొద్దుట్నుంచి ఒకటే అడుగుతున్నాడు. రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చుంటోందట."

"పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదా?"

"అది కాదమ్మా. ఆయన ఆస్పత్రిలో చేరి నాలుగు రోజులే అయింది."

కూతురు చేతిలోని చీర మడత విడిపోయి ఒళ్ళో పడింది. ముందు భయం వేసింది, వెంటనే ఒళ్ళు మండింది. బతికున్నన్నాళ్ళూ అమ్మని ఊరందరూ పంచుకున్నారు, పోయాక కూడా వదలరా? "వస్తున్నా," అని ఫోన్ పెట్టేసింది.

దుప్పటమ్మ అన్నది వార్డులవాళ్ళు తల్లికి పెట్టిన పేరు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఆస్పత్రి బట్టల గదిలో చిరిగిన దుప్పట్లూ, రోగుల అంగీలూ కుట్టింది. ఊడిన బొందులు వేసింది. పనిలో ఉన్నంతసేపూ జాకెట్టు చేతికి పిన్నీసులు వరసగా గుచ్చుకుని ఉండేది. డ్యూటీ దిగాక తిన్నగా ఇంటికి వచ్చేది కాదు. ఏ వార్డులో ఎవరూ లేని మనిషి ఆఖరి గడియల్లో ఉంటే ఆ మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. తల దువ్వేది, పెదాలు తడిపేది, చెప్పినంతసేపూ వినేది. ఒక్కతే చాలక వీధిలోని ఆడవాళ్ళను పోగేసి వంతులు వేసింది. ఉద్యోగం మానేశాక కూడా ఆ వంతుల కాగితం వంటింటి గోడ మీదే ఉండేది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన మొగుడు, "మీ అమ్మని చూడాలంటే నేనూ మంచాన పడాలే," అని నవ్వేవాడు. చివరికి అలాగే పడ్డాడు. అప్పుడామె సెలవు పెట్టి నలభై రోజులు పక్క నుంచి కదల్లేదు.

కూతురికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. "అందరికీ నువ్వు అమ్మవి, నాకు దుప్పట్లు కుట్టే మనిషివి," అని ఒకసారి మొహం మీదే అనేసింది. తల్లి దారం కొరికి సూదిలోకి ఎక్కించుకుంది.

అన్ని మంచాల పక్కన కూర్చున్న ఆ మనిషి పోయేటప్పుడు మాత్రం పక్కన ఎవరూ లేరు. కూతురు కళ్ళద్దాల దుకాణంలో ఎవరికో అద్దాలు బిగిస్తోంది. వచ్చి చూసేసరికి తల్లి కుర్చీలో ఒక పక్కకి ఒరిగి ఉంది, ఒళ్ళు చల్లబడిపోయింది.

పన్నెండో మంచం కిటికీ పక్కనే ఉంది. మేస్త్రీ బక్కచిక్కిపోయి ఉన్నాడు, అరచేతులు మాత్రం చేటలంత ఉన్నాయి. ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కాదు. ఆవిడ పొట్టిగా ఉంటుంది. నువ్వు నిచ్చెనలా ఉన్నావు."

"ఆవిడ కూతుర్ని తాతా."

"ఏ కూతురివి? పెద్దదానివా?"

అమ్మ ఆమెను ఇంట్లో 'పెద్దదానా' అనే పిలిచేది. చిన్నవాడొకడు ఉండేవాడు, వాడికి మూడేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. అంతకు మించి ఆమెకేమీ తెలియదు. ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

"ఆవిడ ఏం మాట్లాడుతుంది తాతా?"

"పెద్దగా మాట్లాడదు. టైమెంతయింది, టైమెంతయింది అని అడుగుతూ ఉంటుంది. మూడున్నర అనేసరికి చటుక్కున లేస్తుంది. మా పెద్దది బడి దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది అంటుంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చి కూర్చుంటుంది. వెళ్ళనులే, ఇక్కడే ఉంటా, నువ్వు పడుకో అంటుంది." మేస్త్రీ ఊపిరి కూడదీసుకున్నాడు. "మంచి మనిషి. కానీ కంగారు మనిషి."

కూతురు సిస్టర్ల గదిలోకి వెళ్ళింది. వచ్చే నెలలో ఉద్యోగం విరమించబోతున్న హెడ్ సిస్టర్ ఏవో చీటీలు రాస్తోంది. మేస్త్రీ అన్న మాటలు విని కలం కింద పెట్టింది.

"దుప్పటమ్మ సంగతి పక్క మంచాలవాళ్ళు ఆయనకి చెప్పి ఉంటారనుకున్నాను. కానీ ఈ మూడున్నర సంగతి..." ఆవిడ లేచి తలుపు వేసింది. "అది నాకూ మీ అమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదమ్మా."

"చెప్పండి."

"అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, ఉద్యోగంలో కొత్త. మీ తమ్ముడు పైన పిల్లల వార్డులో ఉన్నాడు. మీ అమ్మ నాలుగు రోజులు కన్ను మూయలేదు. ఐదో రోజు మీ నాన్నగారికి పొరుగూరి డ్యూటీ పడింది. నిన్ను బడి నుంచి తేవడానికి ఎవరూ లేరు. పావుగంటలో వచ్చేస్తా సిస్టర్ అంది. నేనున్నాగా, వెళ్ళిరా అక్కా అన్నాను." ఆవిడ కళ్ళు దించుకుంది. "ఈలోగా ఇంకో బిడ్డకి ఫిట్స్ వచ్చాయి, అటు పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి వాడు లేడు. మీ అమ్మ రావడానికి గంట పైన పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తర్వాతే బట్టల గదిలో పనికి చేరింది."

ఎందుకు ఆలస్యమైందో కూతురికి తెలుసు.

ఆ రోజు ఆమె బడి నీళ్ళ ట్యాంకు వెనకాల దాక్కుంది. అమ్మ నాలుగు రోజులు ఇంటికి రాలేదని కోపం. వెతకనీ, బాగా వెతకనీ అనుకుంది. అమ్మ "పెద్దదానా! పెద్దదానా!" అని బడంతా తిరిగింది. గొంతు జీరబోయింది. అయినా ఆమె పలకలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. చివరికి దొరికినప్పుడు అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఎముకలు విరిగేట్టు వాటేసుకుని, ఎత్తుకుని పరిగెత్తింది.

ఏడేళ్ళ పిల్ల చేసిన అల్లరి అది. తమ్ముడు పోయింది ఆ గంటలోనే అని ఆమెకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని పెద్దయ్యాక నవ్వులాటగా తన పిల్లలకు ఎన్నిసార్లో చెప్పింది. అన్నం దగ్గర, చుట్టాల ముందు, అమ్మ ఎదురుగానే. "అమ్మమ్మకి ఎంతసేపటికీ దొరకలేదు తెలుసా!" అంటే పిల్లలు పగలబడి నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. తర్వాత నెమ్మదిగా లేచి, అక్కర్లేని గిన్నె ఏదో కడుక్కుంటూ నిలబడేది.

ఆ విషయం సిస్టర్‌కి చెప్పకుండానే తలుపు తీసుకుని బయటికి నడిచింది.

తిరిగి పన్నెండో మంచం దగ్గరికి వెళ్ళేసరికి మేస్త్రీకి ఆయాసం ఎక్కువైంది. ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలియదు, అమ్మను ఎన్నడూ అడిగింది లేదు. ఆ పెద్ద అరచేయి రెండు చేతుల్లోకి తీసుకుంది. సున్నం తిన్న వేళ్ళు గరుగ్గా ఉన్నాయి.

"టైమెంతయింది?" అన్నాడు.

"మూడున్నర కావస్తోంది తాతా."

ఆయన చూపు ఆమె భుజం మీదుగా వెనక్కి పోయి అక్కడే ఆగింది. పలచగా నవ్వాడు. "ఇద్దరూ ఉన్నారుగా," అన్నాడు. "ఇంకేం."

ఆమె మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది. తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు. ఉంటే ఏం మొహం పెట్టుకుని చూడాలి, లేకపోతే ఎలా తట్టుకోవాలి? చేయి వదలకుండా తల వంచుకుని కూర్చుంది. నాలుగు దాటి పది నిమిషాలకు మేస్త్రీ ఊపిరి ఆగింది.

హెడ్ సిస్టర్ వచ్చి ఆయన కళ్ళు మూసింది. కూతురు పీట మీంచి లేవలేదు. "నేను దాక్కున్నానండీ," అంది నేలకేసి చూస్తూ. "ఆ రోజు. అమ్మ నన్ను వెతుక్కుంటూ ఉండిపోయింది."

సిస్టర్ ఆయన మీద దుప్పటి సర్దింది. "నేను వదిలి వెళ్ళాను," అంది. "ముప్పై ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఆ వార్డులోకి అడుగు పెట్టాలంటే కాళ్ళు రావు."

"తమ్ముడి మంచం ఏది?"

ఇద్దరూ మెట్లెక్కారు. గుమ్మం నుంచి లోపలికి మూడో మంచం. ఇప్పుడు దాని మీద నెలల పిల్ల ఒకతి నిద్రపోతోంది. పక్కన చిక్కిపోయిన తల్లి, చెదిరిన జుట్టుతో కునికిపాట్లు పడుతోంది. వీళ్ళ అలికిడికి ఉలిక్కిపడి లేచింది.

"సిస్టరూ, ఒక్క రెండు నిమిషాలు దీన్ని చూస్తారా? కిందకి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చుకుంటా," అంది ప్లాస్కు అందుకుంటూ.

"వద్దు!" అంది కూతురు. వార్డంతా తల తిప్పి చూసేంత గట్టిగా అంది. గొంతు తగ్గించి, ఆ అమ్మాయి చేతిలోంచి ప్లాస్కు తీసుకుంది. "నువ్వు కదలకమ్మా. కూర్చో. నేను తెస్తా."