నసీమున్నీసా కాచిన వెల్లుల్లి నూనె

మజ్జిగలో మణికట్టు దాకా ముంచిన చేతులు పైకి తీసి, నసీమున్నీసా చూపుడువేలిని కంటికొనకు తాకించుకుంది. భగ్గున మండింది. ఇంకా వదల్లేదూ అని తన వేలినే తిట్టుకుని, కొబ్బరినూనె రాసి శెనగపిండితో మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

ప్రత్తిపాడు చుట్టుపక్కల కల్లాల్లో ముప్పై ఏళ్లుగా ఎండుమిరపకాయల ముచ్చికలు తుంచిన చేతులవి. గోళ్ల సందుల్లో దూరిన కారం ఒక పట్టాన పోదు. అందుకే వెల్లుల్లి నూనె కాచాలంటే ముందురోజు నుంచే పని మానేస్తుంది. మేస్త్రీ సణుగుతాడు. సణగనీ, ఆయనగారికేం పోయింది!

ఈ కంటి పరీక్ష రెండేళ్ల కిందట పట్టుకుంది. ఎదురింటి మహిమ కొడుక్కి జలుబు చేస్తే, కల్లం నుంచి వస్తూనే ఉత్త సబ్బుతో చేతులు కడిగేసుకుని వాడి రొమ్ముకు నూనె రాసింది. బిడ్డ గుక్కపట్టాడు. రొమ్మంతా ఎర్రగా కందిపోయింది. వెల్లుల్లి ఘాటని వీధంతా అంది. కాదు, నా చేతి కారమేనని నసీమున్నీసా తనంతట తానే ఒప్పుకుంది. మహిమ ఒక్క మాట అనలేదు, పలకరింపూ మానలేదు. బిడ్డను మాత్రం మళ్ళీ ఆమె చేతికివ్వలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

నిన్న పొద్దున ఆ మహిమే గడపలోకి వచ్చింది. ఆ తర్వాత పుట్టిన చంటిదానికి ముక్కు దిబ్బడేసిందనీ, జ్వరమేం లేదని డాక్టరు చెప్పాడనీ, కాస్త నూనె కాచి రాయమనీ అడిగింది. నసీమున్నీసాకు అప్పట్నుంచీ కాళ్లు నేలమీద నిలవడం లేదు.

ఈసారి వేలు మండలేదు. మొహమాటానికి ఊరుకుందేమోనని రెండో కంటికీ తాకించి చూసింది. అదీ మండలేదు.

పెరట్లో చలి మొదట్లో నాటిన జానెడు వెల్లుల్లి మడి ఆకులు పండి వాలింది. పాయలు పెరికింది. అంగడి పాయల్లా నిగనిగలాడవు గానీ, చిదిమితే వాసన నాలుగిళ్లు దాటుతుంది. రెబ్బలు, చిటికెడు వాము నువ్వులనూనెలో వేసి, సన్నసెగ మీద ఎర్రబడేదాకా కాచి వడగట్టింది.

మహిమ పాపను తెచ్చి నసీమున్నీసా ఒళ్లో పడుకోబెట్టింది. గోరువెచ్చని నూనె అరికాళ్లకు, వీపుకు రాస్తుంటే రెప్పవేయకుండా చూసింది. పాప ఒకసారి తుమ్మింది, కాళ్లు ఝాడించింది, తీరిగ్గా ఆవులించింది. ఏడవలేదు. అల్లా, నీకు వెయ్యి దండాలు అనుకుంది నసీమున్నీసా.

ఇక బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోతుందనుకుంది. మహిమ లేచి కొంగు నడుముకు దోపుకుంది.

"నేను పత్తి తీతకు పోతన్నా అత్తా. సాయంత్రం దాకా దీన్ని నీ కాడే ఉంచుకో."

"నా కాడా?"

"నీ కాడే. ఇంకెవరున్నారు?"

నసీమున్నీసా తలూపింది.

మహిమ ఇచ్చి వెళ్లిన పాలు పట్టింది. చీరతో ఉయ్యాల కట్టింది. రెండు రోజులుగా లాగుతున్న ఎడమ భుజం మళ్ళీ లాగింది. గోడకు ఆనుకుని తాడు పట్టుకుని ఊపుతూ, ఇంతకంటే నాకేం కావాలి అనుకుంది. ఎంత వెతికినా మరేమీ తోచలేదు. తాడు చేతిలో ఉండగానే కళ్లు మూసుకుంది. ఉయ్యాల మెల్లగా ఊగి ఊగి ఆగింది.

పొద్దువాలాక మహిమ వచ్చేసరికి పాప మేలుకుని, గురక లేకుండా గాలి పీలుస్తూ, తనలో తానే ఊసులాడుకుంటోంది. మహిమ అత్తను పిలిచింది. భుజం తట్టింది. ఇంకోసారి తట్టి, ఒళ్లు చల్లబడిందని తెలిసి, అక్కడే కూలబడింది. తాడు పట్టుకున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు ఏడ్చింది.

"నీ హస్తవాసి మంచిదత్తా," అంది. "ముందే అనాల్సింది."

పాపను ఎత్తుకున్నాక కనిపించింది. ఉయ్యాలలో, చిన్న తల ఆనిన పల్లంలో, జలుబు దగ్గరికి రాకుండా అత్త పెట్టిన వెల్లుల్లిపాయ ఒకటి, దాని వేర్లకు ఇంకా మట్టి అంటుకునే ఉంది.