తమ్ముడి టికెట్

మాడుగులపల్లిలో పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కగానే కండక్టరు రాజేందర్ వనితకు జీరో టికెట్ కొడతాడు. తర్వాత ఆమె సీటు కింద నేల వైపు చూస్తాడు. అక్కడ రెండు తడి పాదాల అచ్చులుంటాయి.

"తమ్మునికి?" అంటాడు.

"ఒకటి కొట్టన్నా."

ఆడవాళ్ళకు బస్సు ఉచితం, మగవాళ్ళకు కాదు. చచ్చిపోయినంత మాత్రాన మగపిల్లాడు ఆడపిల్ల అయిపోతాడా అని రాజేందర్ లెక్క. వనితకూ అది న్యాయంగానే తోచేది. మిర్యాలగూడ రైస్ మిల్లులో ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని లారీలకు తూకం చీటీలు తీస్తుంది. ఆమె కుర్చీ వెనక హమాలీలు ఒక గోనెసంచి పరిచిపెట్టారు. ఆ తడి బియ్యానికి తగలకుండా చూసుకోవడం తప్ప ఎవరికీ వేరే పట్టింపు లేదు.

రెండేళ్ళ కింద ముఖేష్‌కు ఇంజనీరింగ్ సీటు కౌన్సిలింగ్ అని అక్కాతమ్ముళ్ళిద్దరూ కోదాడ పోయారు. సర్టిఫికెట్లు చూపించుకుని సాయంత్రం తిరిగొచ్చి ఊరి దగ్గర బస్సు దిగారు. సరిగ్గా అప్పుడే వనితకు ఫోన్ వచ్చింది. "నువ్వు ముందు నడువురా, నేను ఎనక వస్త" అంది. ఆమె మాట్లాడి ఫోన్ పెట్టేసేసరికి వాడు కాళ్ళు కడుక్కోవడానికి దిగిన కాలువ మెట్ల మీద వాడి చెప్పులు మాత్రమే ఉన్నాయి. వాడు మూడోరోజు దొరికాడు. నాలుగోరోజు నుంచి వాడి తడి పాదాలు ఆమె వెనక నడవడం మొదలుపెట్టాయి.

అలా రెండేళ్ళు నడిచాయి. ఈ వానాకాలంలో మాత్రం అవి వెనక నుంచి ముందుకు వచ్చాయి.

సాయంత్రం బస్సు దిగితే ఊళ్ళోకి ఒక దారి, కాలువ గట్టుకు ఒక దారి. పాదాలు ఆమెకు రెండడుగుల ముందు కాలువ వైపు పడేవి. వనిత వాటి వెంట నడిచేది. ఎనక వస్త అన్నది తనే కదా, అన్నమాట ఎట్లా తప్పేది అనిపించేది. రోజుకో మెట్టు కిందికి దిగేది. ఒకరోజు తన చెప్పులు కాళ్ళకు కాక చేతిలో ఉండటం చూసుకుని వెనక్కి పరుగెత్తింది. మర్నాడు నిద్రపట్టడం లేదని దవాఖానకు పోతే డాక్టరు చీటీ మీద ఒకే మాట రాశాడు. కౌన్సిలింగ్.

ఆ మాట వినగానే తల్లి గోపమ్మ చేతిలో ఉన్న చాట పక్కన పెట్టింది. "మల్ల కౌన్సిలింగా?" అంది. లేచి, ట్రంకు పెట్టెలో చీరల కింద దాచిన ముఖేష్ ఫైలు తీసి కూతురి సంచిలో పెట్టింది. "సర్టిఫికెట్లు లేకుంటే లోపలికి రానియ్యరు బిడ్డా." అది ఆ కౌన్సిలింగ్ కాదని తెలిసినా వనిత ఫైలు సంచిలోనే ఉంచుకుంది.

సూర్యాపేటలో ఆమె కలిసిన మొదటి కౌన్సిలరు చాలా ధైర్యవంతుడు. "నాలుగు సిట్టింగులల్ల ఖతం, గ్యారంటీ" అని మనిషిని పిలిచి పాదాలను తుడిపించాడు. తుడిచిన చోటే అవి మళ్ళీ తడిసి కనిపిస్తుంటే, అటు చూడకుండా గంటసేపు తనే మాట్లాడాడు. కోదాడలో రెండో ఆవిడ మంచి మనిషే. వనితతో పాటు తనూ ఏడ్చింది. "మీ పిన్ని నాకు బాగా తెలుసమ్మా, మా వీధిలోనే ఉంటారు" అని కూడా అంది. వనిత ఊళ్ళో దిగేలోపే పిన్ని గోపమ్మకు ఫోన్ చేసి అంతా అడిగేసింది.

మూడోసారి వనిత మిర్యాలగూడలో స్టేషన్ రోడ్డు మీద, మందుల షాపు పైగదిలో ఉండే శాంతాబాయి దగ్గరికి పోయింది. శాంతాబాయి ఆమెను చూసి, ఆమె ముందు నేల మీది తడి చూసి, లోపలికి పోయి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.

"ముందుగాల నన్ను అడుగు. ఏం సదివిన, ఎన్నేండ్ల సంది చేస్తున్న, ఏదన్న అడుగు."

వనితకు ఒకటే తోచింది. "ఈ పాదాలు పోతయా మేడం?"

"నాకెర్క లేదు. పోగొడ్తనని మాటియ్య. వారానికొకసారి, ముప్పావు గంట. నువ్వు చెప్పింది ఈ రూములనే ఉంటది. నీ పానానికి అపాయమనిపిస్తే మాత్రం మీ ఇంట్ల ఒక్కలకు చెప్త. అది ఎవరికో నువ్వే చెప్పాలె. మొదట్ల నిమ్మళం ఉండదు, ఇంక బరువైతది కూడ. నాలుగు వారాలు సూడు. నాతోని కుదరకుంటే మొకం మీదనే చెప్పు, ఇంకొకల పేరు నేనే రాసిస్త." తర్వాత సూటిగా అడిగింది. "కాలువల పడి సచ్చిపోవాలనిపిస్తున్నదా?"

ఈ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. "అనిపిస్తది" అంది వనిత. చెప్పాల్సి వస్తే అమ్మకు చెప్పమంది. సంచిలోంచి ఫైలు తీసి మూడో కుర్చీలో పెట్టి అప్పుడు ఏడ్చింది.

ఆ రోజు నుంచి సాయంత్రం బస్సుకు గోపమ్మ ఎదురొచ్చి కూతురి చేయి పట్టుకుని తీసుకుపోయేది. శాంతాబాయి అన్నట్టే బరువు పెరిగింది. రెండు వారాలు వనిత పోకుండా ఎగ్గొట్టాలనుకుంది, అయినా పోయింది. ఆరో వారం శాంతాబాయి ఒక మామూలు ప్రశ్న అడిగింది.

"పాదాలు నీ ముందల ఉంటయంటివి గద. కాలి ఏళ్ళు ఎటు దిక్కున్నయి?"

"సూడలే మేడం." నిజంగానే చూడలేదు. వాటిని చూడాలంటే భయం.

"సూడబుద్ధయితే సూడు. లేకుంటే వచ్చే వారం మాట్లాడుకుందం."

వనిత తల దించలేదు.

ఆ వారంలోనే ఒకరోజు మిల్లులో కరెంటు పోయి తొందరగా వదిలేశారు. వనిత దిగేసరికి గోపమ్మ ఇంకా రాలేదు. పాదాలు కాలువ వైపు పడ్డాయి. వనిత వెంట నడిచింది. మెట్ల దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని కిందిదాకా దిగింది. ఎండిన సిమెంటు మెట్ల మీద తడి చాలా స్పష్టంగా ఉంది. ఎందుకో ఈసారి కళ్ళు దించి చూసింది.

మడమలు నీళ్ళ వైపున్నాయి. వేళ్ళు తన వైపున్నాయి.

వాడు వెనక్కి నడుస్తున్నాడు. ఇన్ని రోజులూ ఆమెకు ఎదురుగా నిలబడి, ఆమె ఒక్కో అడుగు వేస్తుంటే అడ్డం ఉండలేక ఒక్కో అడుగు వెనక్కి జరిగాడు. కాలువకు పోతున్నది వాడు కాదు, తనే. ఇప్పుడు వాడి వెనక ఇక మెట్టు లేదు.

వనిత ఇంకో అడుగు వేసింది. ఆమె బొటనవేళ్ళకు రెండు చల్లటి బొటనవేళ్ళు తగిలాయి. అవి జరగలేదు.

ఆమె అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఎనక వస్తనన్న గదరా ముఖేష్. రాలేనురా. నేను రాను." రోడ్డు మీద నుంచి గోపమ్మ గాబరాగా పేరు పెట్టి పిలుస్తోంది. వనిత చెప్పులు వేసుకుని మెట్లెక్కింది.

మర్నాడు ఎనిమిదింటి బస్సులో రాజేందర్ జీరో టికెట్ చించి ఇచ్చి, అలవాటు కొద్దీ నేల చూశాడు. మిషను మీద అతని వేలు ఆగిపోయింది.

"తమ్మునికి?"

వనిత కూడా కిందికి చూసింది. సీటు కింద దుమ్ము పొడిగా ఉంది. టికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది.

"వాడు రాలేదన్నా. నాదొక్కటే."