అడగని ఒక్క మాట

ఆధార్ కార్డు సంచిలోనే ఉందా, ఉంది, ఇందాక అది చూసే కదా కండక్టరమ్మ ఆడోళ్ళకిచ్చే సున్నా టికెట్ చింపి ఇచ్చింది, కోదాడలో బస్సెక్కినప్పటి నుంచి తడుముకోవడం ఇది నాలుగోసారి, మిర్యాలగూడ దవాఖానలో ఉన్న తమ్ముడి దగ్గరికి పోతున్న సంగతి కాళ్ళకు తెలుసు, చేతులకు తెలుసు, మనసు ఒక్కటే ఏమీ తెలియనట్టు మొద్దుబారి కూర్చుంది, సైదమ్మ కిటికీ ఊచ పట్టుకుంది, పక్క సీట్లో ఊరి పిల్ల ప్రమీల ఫోనులో ఎక్కడిదో యుద్ధం, కూలిన మిద్దెలు, దుమ్ములో ఎవరిదో ఒంటి చెప్పు, ముందు సీట్లోంచి అదే ఊరి రిటైరైన పంతులు రామనర్సయ్య సారు వెనక్కి తిరిగి, ఈ దేవుళ్ళను తీసేస్తే దునియల లొల్లే ఉండదమ్మా అంటున్నాడు, ప్రమీల ఊరుకుంటుందా, మా యేసయ్య ఎవర్నన్న కొట్టుమన్నడా సార్, మీ అన్నదమ్ములు పొలం గట్టు కాడ తలకాయలు పలగ్గొట్టుకున్నరు గదా, గాడ ఏ దేవుడున్నడు అంటే బస్సంతా నవ్వింది, సారూ నవ్వాడు, నువ్వు చెప్పు అమ్మమ్మా, పుస్తకం సదివేదానివి అని ప్రమీల మోచేత్తో పొడిచింది, ఏం చెబుతుంది సైదమ్మ, వాళ్ళమ్మ జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుంటే పుట్టారని ఆమె సైదమ్మ, తమ్ముడు సైదులు, అదే ఇంట్లో సమ్మక్కకు బెల్లం, మట్టపల్లి నరసింహస్వామికి తలవెంట్రుకలు, ఏ దేవుడూ ఏ దేవుడితో తగువు పడలేదు, ఏ దేవుడూ వద్దని అడవికి పోయినవాడు తమ్ముడే, పేరు కూడా ఇంట్లోనే విడిచి యుగంధర్ అయినవాడు, బువ్వ తిని పోరా అంటే మళ్ళొచ్చి తింట అక్కా అన్నవాడు, ఆరేళ్ళకు కాలువ కట్ట మీద ఆమె భర్త గోపయ్య, పోలీసులకు కబురు మోశాడని చంపి పడేశారు, ఛాతీ మీద రాయి, రాయి కింద ఎర్ర సిరా కాగితం, తమ్ముడున్న దళం పేరుతో.

ఆ కాగితం ఆమెకు చదవరాదు, సూర్యాపేట పెద్దాసుపత్రి దగ్గర శవం కోసం కూర్చున్నప్పుడు పోలీసాయన ఒక తీరుగా చదివాడు, సర్పంచి ఇంకో తీరుగా, అందుకే నలభై ఏళ్ళ వయసులో బిడ్డ నవనీత రెండో తరగతి వాచకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దింది, ఆరు నెలలకు ఆ కాగితం నకలు తనే చదువుకుంది, ప్రజాద్రోహికి ప్రజలు వేసిన శిక్ష, అంతే, ఏడుపు రాలేదు, అప్పుడూ ఇదే మొద్దుతనం, ఆ తర్వాత దొరికిందల్లా చదివింది, పురాణాలు, చర్చి వాళ్ళు పంచిన కాగితాలు, పార్టీ పత్రికలు, అన్నిట్లో ఎక్కడో ఒకచోట చంపక తప్పలేదు అని ఉండేది, చంపినవాడి కంట నీళ్ళు కూడా ఉండేవి, చచ్చినవాడి పెళ్ళాం మాత్రం ఏ పేజీలోనూ కనబడేది కాదు.

హుజూర్‌నగర్ పోయింది, నేరేడుచర్ల పోయింది, తమ్ముడు లొంగిపోయి బయటికొచ్చి ఏడేళ్ళు, ఎన్నిసార్లు ఫోన్ చేశాడు, అక్కా ఒక్క మాట అనేవరకే వినేది, పెట్టేసేది, నిన్న నవనీత, అమ్మా, మామకు కిడ్నీలు ఖతమైనయంట, రెండ్రోజులు గూడ కష్టమేనంట, నీకొక మాట చెప్పి పోతడంట, ఇప్పుడన్న పోవే అంది, ఏం చెబుతాడు, బావను చంపుతరని నాకు ఎరుకేనక్కా, నేను సుత ఒప్పుకున్న అంటాడు, అననీ, ఆ మాట ఇరవై ఏడేళ్ళుగా రోజూ వింటూనే ఉంది, దానికి భయమెందుకు, మరి సంచిలో కార్డును మళ్ళీ ఈ తడుముకోవడం దేనికి, మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన, మిర్యాలగూడ, ప్రమీల చెయ్యి పట్టి దించింది, పైలం అమ్మమ్మా, ఎవలికి బాగలేదు అంటే, నా తమ్మునికి బిడ్డా అంది, నా తమ్ముడు అని ఎన్నేళ్ళయింది.

దవాఖాన మెట్ల మీద కాలు ఆగింది, ఒకవేళ కాదంటే, అక్కా, ఆ దినం నేను గాడ లేను, బావను పట్కపోయినట్టు నాకు ఎరుకనే లేదు అంటే, ఇన్నేళ్ళలో ఈ ఆలోచన ఒక్కసారీ రాలేదే, ఎందుకు రాలేదు, కాగితంలో రాసి ఉంది కదా, కాగితంలో తమ్ముడి పేరెక్కడుంది, దళం పేరే ఉంది, వాడి పేరు కలుపుకుని చదివింది తనే, పిలిచి అడగకుండానే శిక్ష వేసింది తనే, అడవిలో వాళ్ళు గోపయ్యకు వేసినట్టే, అవునంటాడని కాదు, కాదంటాడేమోనన్న భయంతోనే ఏడేళ్ళుగా ఫోన్ పెట్టేస్తూ వచ్చింది.