ఆగస్టు ఉత్తరాలు

పొద్దున పొయ్యిలో పెట్టిన శనివారపు చిక్కుళ్ళ కుండని ఒకసారి చూసొచ్చి, ఎప్రన్‌కి చేతులు తుడుచుకుని, లుక్రీషియా మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది. చనిపోయిన భర్త ఉత్తరాలకి శుద్ధప్రతి రాయడం మొదలెట్టి ఇది నాలుగో నెల. ఈబెన్ థార్న్‌డైక్ అంటే బోస్టన్‌లో తెలియనివాడు లేడు. పోర్చుగీసు నావికుల చరిత్ర ఆరు సంపుటాలు రాసిన మహానుభావుడు. రాశాడనడం లోకం మాట. చూపు మసకబారిన ఆ పెద్దమనిషి ఇరవై రెండేళ్ళు చెబుతూ పోయాడు, రాసింది ఈవిడ. పుస్తకాలూ అంతే, ఉత్తరాలూ అంతే. కుడిచేతి వేళ్ళు రెండు వంకరపోయాయి. నొప్పిగా ఉందంటే, "నీకేముంది లుక్రీషియా, చెప్పింది రాయడమేగా! అరిగేది నా బుర్ర," అనేవాడు.

ఆయన పోయాకైనా తీరిక దొరుకుతుందనుకుంది. ఏదీ? మరిది వార్డ్ ఉత్తరాల సంపుటం తలకెత్తుకున్నాడు. పెద్దమనిషి పోతే, ఆయన రాసిన ఉత్తరాలు అందుకున్నవాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి అడిగి తెప్పించుకోవడం వాళ్ళలో మర్యాద. అలా అడుగుతూ రెండువందల ఇళ్ళకి జాబులు రాసింది లుక్రీషియా. వచ్చినవి తేదీల వారీగా పేర్చింది లుక్రీషియా. అట్ట మీద సంపాదకుడి పేరు మాత్రం వార్డ్‌ది. ఆయనగారు చేసే పనల్లా నీలిపెన్సిలు పట్టుకుని కొట్టేయడం. "మా ఆవిడకి జ్వరం" అని ఎక్కడైనా ఒక ముక్క కనిపించిందా, గీత పడాల్సిందే. "ఇంటి గొడవలు చరిత్రకెందుకు వదినా?" అంటాడు. ఇరవై రెండేళ్ళలో ఆ మహానుభావుడు పెళ్ళాం గురించి అన్నవే తొమ్మిది ముక్కలు. ఆయన చెబుతుంటే అవీ ఆమే రాసుకుంది. ఇప్పుడు అవీ పోయాయి. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

ఆ మధ్యాహ్నం వార్డ్ టోపీ అయినా తియ్యకుండా గదిలోకి దూసుకొచ్చాడు.

"వదినా, పుస్తకానికి మొదటి ఉత్తరం దొరికింది! కొడుకు పోయిన ఆ సేలం పాదిరీగారికి అన్న రాసింది. కళ్ళనీళ్ళాగలేదనుకో. పైకి కరుకే గాని లోపలంతా వెన్న మా అన్న! ఇలాంటివి ఇంకో ముప్ఫై ఉన్నాయి. పుస్తకానికి ప్రాణం ఇవేనన్నాడు అచ్చువేసేవాడు. మిగతావన్నీ ఓడలూ, పండితుల కీచులాటలూనట."

లుక్రీషియా ఆ కాగితం అందుకుంది. చదవక్కర్లేదు. అందులోని ప్రతి మాటా, మూడేళ్ళ ఎడిత్ పోయినప్పుడు తనకి ఎవరూ చెప్పని మాట. ఈబెన్ ఆ తర్వాత కూతురి పేరు కూడా ఎత్తలేదు.

"దీని తేదీ ఎంత వార్డ్?"

"ఆగస్టు పన్నెండు."

"ఆ మిగతా ముప్ఫై?"

వార్డ్ కట్ట తిరగేశాడు. "ఇదీ ఆగస్టే... ఇదీ... అన్నీ ఆగస్టువే! విచిత్రంగా ఉందే!"

"ఏటేటా ఆగస్టు నెలంతా నువ్వూ మీ అన్నా ఎక్కడ తగలడేవారు?"

"తెలియనట్టు అడుగుతావేం? మెయిన్ రాష్ట్రం అడవుల్లో, చేపల వేటకి. అక్కడికి టపా కూడా రాదు కదా, ఇంక..."

వార్డ్ కట్టలోని తేదీలు మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

"బండెక్కుతూ, 'వచ్చినవాటికి ఏదో ఒకటి రాసిపడేసి నా సంతకం పెట్టెయ్' అనేవాడు మీ అన్న. రాసిపడేశాను."

వార్డ్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోనీలే వదినా. చేతిరాత ఎలాగూ అన్నిటా నీదే, ఎవరికి తెలుస్తుంది? అన్న పేరు నిలబడితే నీ పేరు నిలబడినట్టు కాదూ?" అన్నాడు.

పెళ్ళయిన దగ్గర్నుంచీ వింటున్న మాటే. ఆమె ఎప్రన్ విప్పింది. దాని నాడా పుటుక్కున తెంపి, ముప్ఫై ఒక్క ఉత్తరాలూ ఏరి, గట్టిగా కట్ట కట్టింది.

"మీ అన్న పుస్తకం పదకొండు నెలలతో వేసుకో వార్డ్," అంది. "ఆగస్టు నాది."